కాలమ్ అయిపోయాక ఆ సిలికాని ఏం చేయాలి?

కాలమ్ అయిపోయింది. కాలమ్ అంటే సిలికా పొడి నింపిన గాజు గొట్టంలోంచి సాల్వెంట్‌తో (కరిగించే ద్రవంతో) మిశ్రమాన్ని పంపి, అందులోని పదార్థాల్ని విడదీయడం. కావాల్సిన కాంపౌండ్ ఫ్రాక్షన్లలో (కింద వరసగా పట్టిన భాగాల్లో) దిగింది, రోటా అనే ఆవిరి యంత్రం మీద సాల్వెంట్ పోయింది, ఫ్లాస్కు అంచులకు తెల్లగా పొర కట్టింది. కెమిస్టు లెక్కలో పని అయినట్టే. గాజు గొట్టంలో మాత్రం అరకిలో సిలికా అలాగే నిలబడి ఉంటుంది. పైన రెండంగుళాల మేర గోధుమరంగు జిగురు, మధ్యలో ఒక పసుపు చార, కిందంతా తెలుపు. రేపు ఇంకో కాలమ్ వేయాలి కాబట్టి సాయంత్రంలోగా దాన్ని ఖాళీ చేయాలి. గొట్టాన్ని తల్లకిందులు చేసి, వెనక నుంచి గాలి పెట్టి, చేతికందిన సంచిలోకి దులిపేస్తారు. ఆ తర్వాత ఆ సంచి ఎవరి బాధ్యతో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో వైపు చూస్తారు.

హైదరాబాద్ చుట్టూ జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు, తుర్కపల్లి, అటు విశాఖ దగ్గర పరవాడ. ఈ ఊళ్లలో ల్యాబ్ ఉద్యోగం చేసినవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. సింథసిస్ ల్యాబుల నుంచి బయటికొచ్చే ఘన వ్యర్థాల్లో కళ్లకు బాగా కనిపించేది ఈ సిలికానే. ఎవరూ పెద్దగా భయపడనిదీ ఇదే. యాసిడ్ సీసా అంటే జాగ్రత్తపడతారు, సోడియం ముక్క అంటే వెనక్కి జరుగుతారు. సిలికా అనగానే 'అది ఇసుకే కదా' అంటారు. ఆ మాటలో సగం నిజముంది. చిక్కల్లా మిగతా సగంతోనే.

నిజమున్న సగం సంగతి ముందు చూద్దాం. సిలికా జెల్ అంటే సిలికాన్ డయాక్సైడ్. కొత్త బూట్ల పెట్టెలో 'తినకూడదు' అని రాసి ఉండే చిన్న పొట్లంలో ఉండేదీ అదే. రాతి క్వారీల్లో, పలుగురాయి పిండి మిల్లుల్లో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్ని పాడుచేసే సిలికోసిస్ వ్యాధి స్ఫటిక రూపంలో ఉన్న సిలికా వల్ల వస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది ఆ స్ఫటిక సిలికానే. కాలమ్‌లో వాడేది స్ఫటికం కాదు, దాని అమరిక వేరు. అందుకని ల్యాబ్ సిలికాతో సిలికోసిస్ వస్తుందని బెదిరించడం సరికాదు. అలాగని పీల్చవచ్చని కాదు. 230–400 మెష్ (జల్లెడ సైజు) రకంలో రేణువులు 40 నుంచి 63 మైక్రాన్లు ఉంటాయి. వాటితోపాటు ఇంకా సన్నటి దుమ్ము కూడా ఉంటుంది. డబ్బా మూత తీసి బీకరుతో ముంచుతుంటే గాల్లో లేచే పొగలాంటిది అదే. గొంతు మండుతుంది, దగ్గొస్తుంది. ఎన్95 మాస్కు, ఫ్యూమ్‌హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే అర) రెండూ ఉంటే ఈ సమస్య తీరిపోతుంది.

ఇదంతా కొత్త సిలికా కథ. వాడేసిన సిలికా పదార్థంగా అదే అయినా ప్రమాదంలో వేరు.

క్రొమటోగ్రఫీ, అంటే ఇలా మిశ్రమాల్ని విడదీసే పద్ధతి, మొదలైందే ఇలాంటి పొడితో. 1900ల తొలినాళ్లలో వార్సాలో పనిచేసిన మిఖాయిల్ త్స్వెత్ సుద్దపొడి నింపిన గొట్టంలోంచి ఆకుల రసం పంపి, రంగులు వేరువేరు పట్టీలుగా విడిపోవడం చూపించాడు. ఈరోజు ల్యాబుల్లో వాడే ఫ్లాష్ పద్ధతిని 1978లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన డబ్ల్యూ. క్లార్క్ స్టిల్ బృందం ప్రచురించింది. సన్నటి సిలికా నింపి, పైనుంచి కాస్త గాలి ఒత్తిడి పెట్టి, గంటల పనిని నిమిషాల్లో ముగించడం దాని కిటుకు. అప్పటి నుంచి సిలికా వాడకం ప్రతి ఆర్గానిక్ ల్యాబులో మామూలైపోయింది. దాన్ని పారేయడం గురించి మాత్రం అంత శ్రద్ధగా ఎవరూ నేర్పలేదు. ఎమ్మెస్సీ ప్రాక్టికల్ రికార్డులో కాలమ్ ఎలా నింపాలో బొమ్మతో సహా ఉంటుంది. ఎలా ఖాళీ చేయాలో ఒక్క వాక్యం కూడా కనిపించదు.

పొడిగా కనిపించే తడి

సిలికా పనికొచ్చేదే దాని రంధ్రాల వల్ల. ల్యాబుల్లో 'సిలికా 60' అని పిలిచే రకంలో ఒక్కో గ్రాము లోపలి ఉపరితలం దాదాపు 500 చదరపు మీటర్లు. ఆ రంధ్రాల్లో పట్టే ద్రవం గ్రాముకి సుమారు 0.75 మి.లీ. నానబెట్టిన బియ్యాన్ని వడగట్టి గుడ్డ మీద పరిస్తే కాసేపటికి పైకి ఆరినట్టే ఉంటాయి, గింజ లోపల మాత్రం నీళ్లుంటాయి. వాడేసిన సిలికా సరిగ్గా అలాంటిది.

లెక్క వేసి చూడండి. అరకిలో సిలికా కాలమ్‌లో గాలి పెట్టి సాల్వెంట్ చుక్కలు ఆగేదాకా నెట్టేశారు. రేణువుల మధ్య ఉన్నది పోయింది. రంధ్రాల్లో ఉన్నది 375 మి.లీ. దాకా మిగిలే వీలుంది. అదంతా హెక్సేన్ అనే సాల్వెంటే అనుకుందాం. అది పూర్తిగా ఆవిరైతే గది ఉష్ణోగ్రత దగ్గర దాదాపు 70 లీటర్ల ఆవిరి. గాలిలో హెక్సేన్ 1.1 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఆ లెక్కన 70 లీటర్ల ఆవిరి ఆరు ఘనమీటర్లకు పైగా గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. చిన్న స్టోర్‌రూమ్ అంత జాగా అది. ఒక్క కాలమ్ నుంచి! ఆ ఆవిరి గాలికంటే మూడింతలు బరువు కాబట్టి పైకి పోదు. నేల మీద పాకుతూ తలుపు సందుల్లోంచి పక్కగదిలోని ఫ్రిజ్ దాకా, స్విచ్‌బోర్డు దాకా వెళుతుంది. హెక్సేన్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పుకి అంటుకునే కనీస ఉష్ణోగ్రత) సున్నాకి 22 డిగ్రీలు దిగువన, ఈథైల్ ఎసిటేట్‌ది సున్నాకి 4 డిగ్రీలు దిగువన. మన వాతావరణంలో ఈ రెండూ ఏడాది పొడవునా మండటానికి సిద్ధంగా ఉండేవే.

ఇక్కడ ల్యాబుల్లో రెండు వాదాలు వినిపిస్తాయి. ఒకరు 'హుడ్‌లో ట్రేలో పరిచి రాత్రంతా ఆరనిస్తే చాలు, పొద్దున్నే చెత్తలో వేయొచ్చు' అంటారు. ఇంకొకరు 'అసలు ఆరబెట్టడమే తప్పు, తడిగానే సీలు చేయాలి' అంటారు. నా మట్టుకు మొదటిదాన్ని ఒప్పుకోలేను. హుడ్‌కి సాల్వెంట్‌ని మాయం చేసే శక్తి లేదు, మన ముఖం ముందు నుంచి తీసుకెళ్లి మేడమీద వదిలేస్తుందంతే. పైగా ఆరాక మిగిలేది కూడా మామూలు చెత్త కాదు, ఆ సంగతి కింద చెబుతాను. రెండో వాదంలో న్యాయముంది గానీ సాల్వెంట్ కారుతున్న సిలికాని సంచిలో కట్టడం కూడా ప్రమాదమే. మధ్యే మార్గం ఏమిటంటే, చివరి ఫ్రాక్షన్ అయ్యాక ముందు గాలి ఒత్తిడితో నెట్టి ఆ ద్రవాన్ని వేస్ట్ సీసాలోకే పట్టాలి. తర్వాత కాలమ్ కింద మందపాటి ఫిల్టర్ ఫ్లాస్కు తగిలించి, మధ్యలో ఆవిరిని చల్లబరిచి పట్టే కోల్డ్ ట్రాప్ పెట్టి, కాసేపు వాక్యూమ్ లాగితే రంధ్రాల్లోది కూడా చాలామటుకు ట్రాప్‌లో పడుతుంది. ఆ తర్వాత సిలికాని హుడ్ లోపలే, నెమ్మదిగా, మందపాటి పాలిథిన్ లైనరున్న మూత డబ్బాలోకి వంచాలి. ఇంకా తడి ఉందనే లెక్కతోనే ఆ డబ్బాని చూసుకోవాలి.

టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్), ఈథర్ అనే సాల్వెంట్లు వాడిన కాలమ్‌లకి ఆరబెట్టడం అన్నమాటే వద్దు. అవి గాలి తగిలితే పేలే గుణమున్న పెరాక్సైడ్లు కడతాయి, ద్రవం తగ్గేకొద్దీ అవి చిక్కబడతాయి.

క్లోరిన్ దగ్గర విడిపోయే దారి

వ్యర్థాల్ని విడదీయడం అనగానే పది రంగుల డబ్బాలు గుర్తొచ్చి చాలామంది నిట్టూరుస్తారు. నిజానికి సాల్వెంట్ తడి ఉన్న సిలికా విషయంలో మొదటి ప్రశ్న ఒక్కటే: ఇందులో క్లోరిన్ ఉన్న సాల్వెంట్ పోసారా లేదా? డీసీఎం (డైక్లోరోమీథేన్), క్లోరోఫాం వాడితే ఒక డబ్బా, హెక్సేన్, ఈథైల్ ఎసిటేట్, మిథనాల్, ఎసిటోన్ మాత్రమే అయితే ఇంకో డబ్బా.

ఎందుకంటే వీటి చివరి ప్రయాణం వేరు. క్లోరిన్ లేని సాల్వెంట్‌కి ఇంధనం విలువుంటుంది, సిమెంటు బట్టీలు దాన్ని తీసుకుని కాల్చుకోగలవు. క్లోరిన్ ఎక్కువైతే బట్టీకి పేచీ, సిమెంటు నాణ్యతకీ పేచీ. అది వ్యర్థాల్ని కాల్చే ఇన్సినరేటర్‌కే పోవాలి. అక్కడ కూడా కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ పుడుతుంది. ఉష్ణోగ్రత తగ్గితే డయాక్సిన్ల లాంటి విషాలు ఏర్పడతాయి. అందుకే ఇన్సినరేటర్ రెండో గదిలో 1100 డిగ్రీల దగ్గర కనీసం రెండు సెకన్లు వాయువు నిలవాలని ప్రమాణాలు పెట్టారు. ఇరవై లీటర్ల హెక్సేన్ వేస్ట్‌లో మీరు అర లీటరు డీసీఎం కలిపేస్తే ఆ మొత్తం క్యాను ఖరీదైన దారి పడుతుంది. డబ్బు సంగతి పర్చేజ్ వాళ్లకి తెలుస్తుంది, కలిపిన చేతికి తెలియదు.

డీసీఎం గురించి ఇంకో మాట. చేతికున్న నీలం నైట్రైల్ గ్లవ్ దాన్ని నిమిషాల్లోనే లోపలికి వదిలేస్తుంది. గ్లవ్ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, లోపల వేళ్లు చల్లగా, ఆపైన మంటగా అనిపిస్తాయి. తడి సిలికాని గ్లవ్ వేసుకున్న చేత్తో గీకేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి, చెయ్యి తడవగానే గ్లవ్ మార్చేయాలి. డీసీఎం శరీరంలోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో దాని వాడకాల్లో చాలావాటిని నిషేధిస్తూ, ల్యాబుల్లాంటి కొన్నిచోట్ల కఠిన నియమాలతో మాత్రమే అనుమతించింది. అక్కడి యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్లు ఇప్పటికే ఆ మార్పు చూస్తుంటారు. హెక్సేన్ కూడా తక్కువేం కాదు. రోజుల తరబడి పీలిస్తే శరీరంలో 2,5–హెక్సేన్‌డయోన్‌గా మారి కాళ్లూ చేతుల నరాల్ని దెబ్బతీస్తుంది.

సాల్వెంట్ క్యాన్లలో అన్నిటికంటే పాడు అలవాటు ఏమైనా ఉందంటే, టీఎల్‌సీ డిప్ (సిలికా పూసిన చిన్న ప్లేట్ల మీద మచ్చలు కనపడేలా చేసే ద్రావణం) పాతబడిందని దాన్నీ అందులోనే వంచేయడం. పర్మాంగనేట్ స్టెయిన్, సీరియం స్టెయిన్, డైక్రోమేట్ ఇవన్నీ ఆక్సిడైజర్లు. గ్లాస్‌వేర్ కడిగిన నైట్రిక్ యాసిడ్ ఆర్గానిక్ సాల్వెంట్ ఉన్న సీసాలో పడితే వెంటనే ఏమీ జరగనట్టే ఉంటుంది. మూత బిగించి వెళ్లాక గంటకో, రాత్రికో గ్యాస్ పెరిగి సీసా పేలుతుంది. ప్రపంచవ్యాప్తంగా ల్యాబుల్లో పదేపదే జరిగే ప్రమాదమిది. క్లోరోఫాం, ఎసిటోన్, క్షారం మూడూ ఒకేచోట చేరితే కూడా అంతే.

సిలికా పట్టుకుని ఉన్నది

ఇప్పుడు ఆ గోధుమరంగు జిగురు సంగతి. కాలమ్ అంటేనే కావాల్సినదాన్ని కిందికి దింపి, వద్దన్నదాన్ని పైన నిలబెట్టే పని. అంటే రియాక్షన్‌లో పుట్టిన మలినాలు, మిగిలిపోయిన రియేజెంట్లు, మెటల్ కాటలిస్టులు అన్నీ సిలికాలోనే దాక్కుంటాయి. సాల్వెంట్ మొత్తం ఎగిరిపోయినా ఇవి పోవు. అందుకే 'ఆరిపోయింది కదా, ఇక ఇసుకే' అన్న మాట నిలవదు.

మామూలు కప్లింగ్ (రెండు అణువుల్ని కలిపే) రియాక్షన్ తీసుకోండి. సిలికా పైభాగం నల్లగా ఉందంటే పల్లాడియం దిగబడిందన్నమాట. అది విషం సంగతి పక్కనపెడితే డబ్బు కూడా. పెద్ద మొత్తంలో వాడే కంపెనీలు పల్లాడియం ఉన్న సిలికా, కార్బన్, సీలైట్ (వడపోత పొడి) విడిగా పోగేసి రికవరీకి పంపుతాయి. స్టిల్లే కప్లింగ్ చేసినవాళ్ల సిలికాలో టిన్ కాంపౌండ్లుంటాయి. వీటిని పట్టడానికి సిలికాలో పొటాషియం ఫ్లోరైడ్ కలిపి వాడతారు కాబట్టి ఆ డబ్బాలో టిన్, ఫ్లోరైడ్ రెండూ ఉన్నట్టు రాయాలి. డబుల్ బాండ్లున్న కాంపౌండ్లను వేరుచేయడానికి సిల్వర్ నైట్రేట్ పట్టించిన సిలికా వాడితే వెండి. ఓస్మియం వాడితే ఇంకా జాగ్రత్త. దాని టెట్రాక్సైడ్ ఆవిరి కళ్లని దెబ్బతీస్తుంది, ఆ సిలికాని కలగూరగంప డబ్బాలో పడేయకూడదు.

అజైడ్‌ల (మూడు నైట్రోజన్ పరమాణువుల గుంపు ఉన్న పదార్థాల) గురించి కాస్త నిలబడి చెప్పాలి. అణువుల్ని తేలిగ్గా అతికించే క్లిక్ కెమిస్ట్రీ పద్ధతి వచ్చాక సోడియం అజైడ్ ప్రతి ల్యాబులోకీ వచ్చింది. దానికి యాసిడ్ తగిలితే హైడ్రజోయిక్ యాసిడ్ అనే విషపు, పేలే వాయువు వస్తుంది. డీసీఎం తగిలితే డయాజిడోమీథేన్ అనే పేలుడు పదార్థం ఏర్పడే ప్రమాదముంది. అంటే అజైడ్ రియాక్షన్ క్రూడ్‌ని (ఇంకా శుద్ధి కాని పదార్థాన్ని) డీసీఎంతో కాలమ్ చేయడమే సరైన ఆలోచన కాదు, ఆ సిలికాని డీసీఎం డబ్బాలో వేయడం అసలే కాదు. జీవశాస్త్ర ల్యాబుల్లో వాళ్లకి 'మాకు సిలికా ఎక్కడిది' అనిపించవచ్చు. ప్రొటీన్ శుద్ధిచేసే అగరోజ్, డెక్స్‌ట్రాన్ రెజిన్లు (కాలమ్‌లో నింపే గుళికలు) బూజు పట్టకుండా 0.02 శాతం అజైడ్ కలిపి నిల్వ చేయడం చాలాచోట్ల అలవాటు. రెజిన్ కడిగి ఆ నీళ్లని సింకులో పోస్తే, రాగి, సీసం ఉన్న పైపుల్లో ఏళ్ల తరబడి మెటల్ అజైడ్లు పేరుకుంటాయి. అవి దెబ్బ తగిలినా పేలేవి. పైపు విప్పడానికి వచ్చిన ప్లంబర్‌కి ఆ సంగతి ఎవరు చెబుతారు? ఇరవై శాతం ఇథనాల్‌లో నిల్వచేసే రెజిన్లు దొరుకుతున్నప్పుడు అజైడ్ జోలికి పోకపోవడమే మేలు. నికెల్ రెజిన్లది ఇంకో గొడవ, నికెల్ చర్మానికి ఎలర్జీ తెప్పిస్తుంది.

క్యాన్సర్ మందుల మీద పనిచేసే ల్యాబుల సిలికాని సాధారణ డబ్బాలో కలపనే కూడదు. అతి తక్కువ మోతాదులో పనిచేసే మందుకి సిలికా మీద మిగిలిన మిల్లీగ్రాములు కూడా ఎక్కువే.

ఇదంతా ఎందుకంత పట్టించుకోవాలో పటాన్‌చెరు మనకి ఇదివరకే చెప్పింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. శుద్ధి అయిన తర్వాతి నీళ్లవి! ఆ నీళ్లు ఫ్యాక్టరీలవి, ల్యాబ్ సిలికాకి నేరుగా సంబంధం లేదు. కానీ శుద్ధి కేంద్రంలోని బ్యాక్టీరియా మందుల అణువుల్ని విరగ్గొడతాయన్న నమ్మకంతో సింకులో పోయడం ఎంత గుడ్డిదో ఆ సంఖ్య చూపించింది. సిలికాని సింకులో కడిగేసేవాళ్లు పైపు మూసుకుపోతుందని మాత్రమే భయపడతారు. మూసుకుపోకపోతే ఎక్కడికి పోతుందో ఆలోచించరు.

చిన్నాచితకా సామాను

టీఎల్‌సీ ప్లేట్లు, క్యాపిలరీలు, వయల్స్, సిరంజి ఫిల్టర్లు ఒక్కొక్కటీ చిన్నవే, రోజుకు చేటెడు. అల్యూమినియం ప్లేటు అంచు బ్లేడులా కోస్తుంది. గాజు క్యాపిలరీ ముక్క చెత్త కవరులోంచి బయటికి పొడుచుకొస్తుంది. ఈ రెండూ సూదులు వేసే గట్టి ప్లాస్టిక్ డబ్బాలోకే పోవాలి. ప్లేటు మీద సిలికా పలుచటి పొరే, అయినా దాని మీద స్టెయిన్, కాంపౌండ్ రెండూ ఉంటాయి.

ఆసుపత్రుల న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో టెక్నీషియం–99ఎం అనే రేడియోధార్మిక పదార్థం నాణ్యత చూడటానికి కూడా టీఎల్‌సీ స్ట్రిప్పులే వాడతారు. దాని అర్ధాయువు ఆరు గంటలు. సీసం కవచం వెనక రెండున్నర రోజులు ఉంచితే వెయ్యో వంతుకి తగ్గిపోతుంది. వ్యర్థాల ప్రపంచంలో ఊరికే కూర్చుంటే తీరిపోయే సమస్య బహుశా ఇదొక్కటే.

హెచ్‌పీఎల్‌సీ (ఎక్కువ ఒత్తిడితో ద్రవాన్ని స్టీలు కాలమ్‌లోంచి పంపే యంత్రం) వైపు కథ వేరు. అక్కడ ఘనపదార్థం తక్కువ, ద్రవం ఎక్కువ. నీళ్లూ అసిటోనైట్రైలూ కలిసిన మొబైల్ ఫేజ్ (కాలమ్‌లోంచి పారే ద్రవం) పగలూ రాత్రీ క్యానులోకి కారుతూనే ఉంటుంది. నీళ్లు ఎక్కువ కదా అని సింకుకి ట్యూబు పెట్టినచోట్లు నేను చూశాను. అసిటోనైట్రైల్ శరీరంలోకి వెళ్లాక నెమ్మదిగా సైనైడ్‌ని విడుదల చేస్తుంది. లక్షణాలు గంటల తర్వాత బయటపడతాయి, అందుకే మనిషికీ డాక్టరుకీ కూడా కారణం వెంటనే తట్టదు. క్యాను మూతకి రంధ్రం చేసి అందులో ట్యూబు దూర్చి, చుట్టూ పారాఫిల్మ్ చుట్టడం ఇక్కడ సర్వసాధారణం. ట్యూబుకి సరిపడే పోర్టులు, కార్బన్ ఫిల్టరు ఉన్న మూతలు మార్కెట్లో దొరుకుతున్నాయి. లక్షల ఖరీదు చేసే మెషీన్ పక్కన ఆ మూత కొనడానికి ఇండెంట్ పెట్టడానికే అందరికీ బద్ధకం.

ఆయుష్షు తీరిన స్టీలు కాలమ్‌లని ముందు నీళ్లతో, ఆపైన మిథనాల్‌తో కడిగి, ఆ ద్రవాన్ని వేస్ట్‌లో పట్టి, చివర్లకు ప్లగ్గులు బిగించి పంపాలి. వరస తప్పితే బఫర్ లవణం లోపలే గడ్డకడుతుంది.

మే నెల, మేడమీద షెడ్డు

మన దగ్గర ప్రమాదాన్ని పెంచేది వాతావరణం. డీసీఎం దాదాపు 40 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఈథర్ 35 లోపే. మే నెలలో హైదరాబాద్ పగటి ఉష్ణోగ్రత ఎంతో అందరికీ తెలుసు. వేస్ట్ క్యాన్లు పెట్టేది ఎక్కడ? ఏసీ ల్యాబులో చోటు లేదని మేడమీద రేకుల షెడ్డులో, లేదంటే జనరేటర్ పక్కన. అంచుదాకా నింపి మూత బిగించిన డీసీఎం క్యాను ఆ వేడికి పొట్ట ఉబ్బి, పక్కకి ఒరిగి, సీమ్ దగ్గర చీలుతుంది. క్యాను ముప్పావు వంతుకు మించి నింపకపోవడం, ఒత్తిడి పెరిగితే వదిలే మూత వాడటం, కింద ట్రే పెట్టడం, షెడ్డుకి గాలీ నీడా ఉండేలా చూడటం, జనరేటర్‌కి దూరంగా ఉంచడం ఇవన్నీ ఒక్కరోజు శ్రద్ధ పెడితే అయ్యే పనులే.

సిలికా డబ్బాలు కూడా ఆ షెడ్డులోనే ఉంటాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వాసన రాని సంచి మధ్యాహ్నానికి ఘాటుగా వాసనొస్తుంది. రంధ్రాల్లోది వేడికి బయటికొస్తోందన్నమాట.

కాగితం మీద పేరు

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులో మందుల తయారీకి సంబంధించి ప్రాసెస్ అవశేషాలు, వాడేసిన కార్బన్, వాడేసిన సాల్వెంట్ల లాంటివి వరసగా ఉన్నాయి. సిలికా జెల్ అన్న పేరు అందులో వెతికినా దొరకదు. అందుకే కొందరు 'ఇది లిస్టులో లేదు' అంటారు. అదే నిబంధనల్లోని నిర్వచనం మాత్రం మండే, విషపూరితమైన, లోహాన్నీ చర్మాన్నీ తినేసే, పేలే లక్షణాల వల్ల ఆరోగ్యానికో పర్యావరణానికో హాని చేసే ఏ వ్యర్థాన్నైనా కలుపుకుంటుంది. సాల్వెంట్ తడి, మెటల్, మందు అణువు ఉన్న సిలికాని ప్రాసెస్ అవశేషంగా చూడటమే సురక్షితం.

నిల్వకి గడువు 90 రోజులు. ఏడాదికి పది టన్నుల లోపు పుట్టించేవాళ్లకి కాలుష్య నియంత్రణ మండలి ఆ గడువుని పొడిగించగలదు. ఫారం 8 లేబుల్ పసుపు నేపథ్యం మీద, 'ప్రమాదకర వ్యర్థాలు', 'జాగ్రత్త' అన్న మాటలు ఎర్రగా ఉండాలి. అవి హిందీ, ఇంగ్లిష్‌లతోపాటు స్థానిక భాషలో కూడా ఉండాలని నిబంధన. మన దగ్గర స్థానిక భాష అంటే తెలుగే కదా. ల్యాబుల్లో నాకు కనిపించినవాటిలో ఎక్కువ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, అది కూడా మార్కర్‌తో 'సిలికా వేస్ట్' అని రాసి వదిలేసినవి.

ఈ లేబుల్ ఎవరికోసమో ఆలోచిస్తే దాని విలువ తెలుస్తుంది. కాలమ్ చేసిన కెమిస్టుకి లోపల ఏముందో తెలుసు. అతని షిఫ్టు మారితే సగం తెలుస్తుంది. సంచి మెట్లు దింపే హౌస్‌కీపింగ్ అమ్మకి ఏమీ తెలియదు, పైగా ఆవిడకి ఇచ్చేది సర్జికల్ మాస్కు. లారీ డ్రైవర్‌కి, కాల్చే చోట డ్రమ్ము విప్పేవాడికి అసలే తెలియదు. ఒక్కో చేయి మారేటప్పుడు సమాచారం కొంచెం రాలిపోతుంది, ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, రేపు ఏదైనా జరిగితే ఎవర్నీ పట్టుకోలేం. డబ్బా మీద 'సిలికా 230–400, హెక్సేన్, ఈథైల్ ఎసిటేట్, పల్లాడియం ఉంది, డీసీఎం లేదు, అజైడ్ లేదు, ఫలానా తేదీన మొదలుపెట్టాం' అని రాయడానికి అర నిమిషం పడుతుంది. మొదలుపెట్టిన తేదీ లేకపోతే తొంభై రోజులు ఎక్కణ్నుంచి లెక్కపెడతారు?

తరలించేటప్పుడు ఏడు రంగుల కాపీలుండే ఫారం 10 మానిఫెస్టు (రవాణా పత్రం) వెంట వెళ్లాలి. అందులో ఒకటి చివర్న పంపినవాళ్లకే తిరిగి రావాలి. అది రాకపోతే ఆ డ్రమ్ములు చేరాల్సినచోటికి చేరాయో లేదో పంపినవాళ్లు అడగాలి. అడిగేవాళ్లు అరుదు.

సీసాలూ డ్రమ్ముల దారి ఇంకా అధ్వానం. రెండున్నర లీటర్ల గోధుమరంగు సాల్వెంట్ సీసాలు, నీలం క్యాన్లు పాత సామాన్ల షాపుకి వెళతాయి. అక్కణ్నుంచి ఎవరింట్లోనో మంచినీళ్లకో, కిరోసిన్‌కో, ఫినాయిల్‌కో వాడకంలోకి వస్తాయి. ప్రమాదకర రసాయనాలు తగిలిన ఖాళీ పాత్రలు కూడా అదే షెడ్యూలులో ప్రమాదకర వ్యర్థాలే. కనీసం మూడుసార్లు కడిగి, కడిగిన ద్రవాన్ని వేస్ట్‌లో పట్టి, లేబుల్ చించి, సీసాకి రంధ్రం చేసో పగలగొట్టో అధీకృత రీసైక్లర్‌కి ఇవ్వాలి. సిలికా వచ్చిన ఖాళీ పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము మాత్రం కొత్త సిలికాతో వచ్చిందే కాబట్టి, వాడేసిన సిలికాకి దాన్నే మళ్లీ వాడొచ్చు. పాత లేబుల్ మీద కొట్టేసి కొత్తది అతికిస్తే చాలు.

కాలేజీల ల్యాబులకి లారీ నిండేంత వ్యర్థం ఉండదు, ఒప్పందం పెట్టుకునే దిక్కూ ఉండదు. అందుకే వెనక గోడ దగ్గర గుంత తీసి పూడ్చేస్తుంటారు. హైదరాబాద్ వైపు దుండిగల్‌లో, విశాఖ వైపు పరవాడలో ప్రమాదకర వ్యర్థాల ఉమ్మడి కేంద్రాలున్నాయి. యూనివర్సిటీ స్థాయిలో ఒక్కరు బాధ్యత తీసుకుని, అనుబంధ కాలేజీల డబ్బాలన్నీ ఏడాదికి రెండుసార్లు ఒకేచోట పోగేసి మండలి అనుమతితో పంపితే ఖర్చు మోయలేనంతేమీ కాదు.

ఇన్సినరేటర్‌లో పడ్డాక సాల్వెంట్ కాలుతుంది, మందు అణువులు విరిగిపోతాయి. సిలికా మాత్రం కాలదు. ఐదు కిలోలు పంపితే దాదాపు ఐదు కిలోలూ బూడిదలో మిగిలి, లైనర్ పరిచిన ల్యాండ్‌ఫిల్‌కి చేరతాయి. కాబట్టి తక్కువ సిలికా వాడటం తప్ప ఆ బరువు తగ్గించే దారి లేదు. మిథనాల్‌తో కడిగి వేడిచేసి మళ్లీ వాడే ప్రయత్నాలు అక్కడక్కడా జరుగుతాయి. కొత్త కాంపౌండ్లు తీసే ల్యాబులో నేనైతే వద్దంటాను. పాత కాలమ్ తాలూకు మలినం ఒక్కసారి కొత్త స్పెక్ట్రమ్‌లో (కాంపౌండ్‌ని గుర్తుపట్టే గ్రాఫులో) కనిపిస్తే దాని వెనక తిరిగే వారం రోజుల ఖర్చు సిలికా ధర కంటే ఎక్కువ. సగం రియాక్షన్లకి కాలమే అక్కర్లేదు. ప్లాంటు స్థాయిలో పనిచేసే ప్రాసెస్ కెమిస్టులు కాలమ్‌కి వీలైనంత దూరంగా ఉండి, స్ఫటికీకరణతోనో, యాసిడ్–బేస్ వాష్‌తోనో పని గడుపుతారు. తప్పదనుకుంటే ముందు టీఎల్‌సీలో కావాల్సిన స్పాట్ ఆర్‌ఎఫ్ (సాల్వెంట్ ఎక్కిన దూరంలో స్పాట్ ఎక్కిన వంతు) 0.3 దగ్గర, పక్క స్పాట్‌కి ఎడంగా వచ్చే సాల్వెంట్ వెతికిపెట్టుకోవాలి. ఎడం బాగా ఉంటే క్రూడ్ బరువుకి ఇరవై ముప్పై రెట్ల సిలికా సరిపోతుంది. చేతికొచ్చినంత పోసే అలవాటున్నవాళ్లు వంద రెట్లు పోస్తారు.